పుట్టపాక తేలియా

చౌటుప్పల్ దగ్గర విజయవాడ రహదారి వదిలి సంస్థాన్ నారాయణపురం వైపు మళ్ళితే పుట్టపాక వస్తుంది. పోచంపల్లి తెలిసినంతగా ఈ ఊరు మనవాళ్ళకు తెలియదు. నేను వెళ్ళింది నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా దుపట్టాల కోసం. ఒకప్పుడు తేలియా రుమాళ్ళకు చీరాల పెట్టింది పేరు. అరబ్బులు తలకు చుట్టుకోవడానికి అవి ఓడలెక్కి వెళ్ళేవి. ఇప్పుడా పనికి ప్రాణం పోస్తున్నది పుట్టపాక.

వాకిట్లో అడుగుపెట్టగానే నూనె వాసన. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్ళలో కలిపి, తేరిన నీళ్ళకు నూనె చేర్చి, అందులో నూలును పిసికి ఆరబెడతారు. మళ్ళీ తడుపుతారు, మళ్ళీ ఆరబెడతారు. రెండు మూడు వారాలు ఇదే పని. అప్పుడుగాని ఎరుపు నూలుకు గట్టిగా పట్టదు.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. పడుగునీ పేకనీ నేతకు ముందే లెక్క ప్రకారం రబ్బరు పట్టీలతో కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట తెలుపు నిలుస్తుంది. మగ్గం మీద పడుగులోని పువ్వు, పేకలోని పువ్వు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. గుంట మగ్గంలో కూర్చున్న పెద్దాయన పేక వేసినప్పుడల్లా ఆగి పోగు సవరించుకుంటున్నాడు.

"విసుగు రాదా పెద్దయ్యా?" అన్నాను.

"విసుగొస్తే పువ్వు చెదురుతది బిడ్డా" అన్నాడు తల ఎత్తకుండానే.

అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప మరో రంగు లేని ఆ గుడ్డకు అంత నిండుదనం ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. ఇదే నమూనాను పట్టులోనూ నేస్తున్నారు. మెరుపు బాగానే ఉంది, కానీ నా మనసు నూలు దుపట్టా మీదే నిలిచింది. భుజాన వేసుకుంటే బరువే తెలియలేదు.

ఈ ఊరి గజం గోవర్ధన, గజం అంజయ్యలకు పద్మశ్రీలు వచ్చాయి. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. అయినా బజారు నిండా ఇవే పువ్వులు అచ్చువేసిన మిల్లు గుడ్డ. దాని ధర చూసినవాళ్ళు నేత దుపట్టా ధర వినగానే వెనక్కి తగ్గుతున్నారు. అది అన్యాయం. కొనేముందు గుడ్డను తిరగేసి చూడండి. నేసినదైతే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు కాస్త మసగ్గా పోగుల్లో కలిసిపోతుంది. అలాంటిది దొరికితే, దయచేసి బేరమాడకండి.