అరచేతిలో సవారు

సికింద్రాబాదును మా పెద్దలు ‘లష్కరు’ అనే పిలిచేవారు. 1806లో దండు విడిదిగా వెలసిన ఊరికి అది తగిన పేరే. మారేడ్‌పల్లిలో పుట్టి పెరిగిన నాకు తిరుమలగిరి వైపు సాగే సైనిక వాహనాలు బాల్యం నుండి పరిచితాలు. అందుచేతనే కాబోలు, సాలార్‌జంగ్ మ్యూజియంలో బారులు తీరిన బొమ్మ సైనికులను తొలిసారి చూసిననాడు, దంతపు కుర్చీలకన్నా వారే నన్ను ఎక్కువగా ఆకర్షించారు. సైనికుల బొమ్మలను కూర్చి రంగులద్దడం ఇరవై ఏండ్లుగా నా వ్యాపకం. ‘ఈ వయస్సులో బొమ్మలాటా?’ అని బంధువులు నవ్వుతుంటారు. నవ్వనివ్వండి!

ఈ బొమ్మలు విడిభాగాలుగా లభిస్తాయి. శిల్పి మలచిన మూలరూపం నుండి సిలికాన్ రబ్బరు అచ్చు తీసి, అందులో రెజిన్ ద్రవాన్ని పోస్తారు. అది గట్టిపడి మీసపు వెంట్రుకను సైతం స్పష్టంగా చూపుతుంది. అచ్చుకు పూసిన జిడ్డు మిగిలి ఉంటే రంగు నిలువదు. కనుక మొదటి పని సబ్బునీటి స్నానం. పోత పోసిన చోట మిగిలిన దిమ్మను సన్నని రంపంతో కోయాలి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి తడిపి అరగదీయాలి, మాస్కు ధరించాలి. వంగిన కత్తిని కాసేపు వేడినీటిలో ఉంచితే చెప్పినట్లు వింటుంది. అతుకుల సందులను ఎపాక్సీ ముద్దతో పూడ్చి, ఆపైన ప్రైమర్ పూస్తాను. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో చేసిన అవయవాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత పూసి రంగులు వేస్తారు కదా! పదార్థాలు మారినవే గాని పని అదే.

నిరుడు ఒక భారత ఆశ్వికుని బొమ్మను 20వ దక్కన్ హార్స్ సవారుగా తీర్చదలచాను. ఈ దళం మూలాలు నిజాం రాజ్యంలోని హైదరాబాద్ కంటింజెంట్‌లో ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో అది ఫ్రాన్సులో పోరాడింది. అక్కడ ఏ ఆశ్విక బ్రిగేడ్‌లో భాగమో తెలుసా? సికింద్రాబాద్ బ్రిగేడ్! 1916 జూలై 14 సాయంకాలం, మరతుపాకులు రాజ్యమేలుతున్న సోమ్ రణరంగంలో, హై వుడ్ అనే అడవి చెంత ఈ సవార్లు బల్లేలు పట్టి పైరు చేల మీదుగా గుర్రాలను దౌడు తీయించారు. 1921లో మరొక దళంతో కలిసిపోయిన దక్కన్ హార్స్ నేడు భారతసైన్యంలో ట్యాంకుల దళం. మా ఊరి పేరును అంతదూరం మోసిన ఆ మనుషుల ముఖాలు మాత్రం మా వీధులలో ఎవరికీ తెలియవు.

బొమ్మ పెట్టెపైని సూచనలో ముఖానికి ఒకే రంగు చెప్పారు: ‘భారతీయుని చర్మం’. ఈ ఒక్క మాట దగ్గర నేను మూడు వారాలు ఆగిపోయాను. ఆ దళంలో సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లిములు ఉండేవారు. కుల్లా టోపీ చుట్టూ తలపాగా చుట్టిన నా సవారు దక్కనీ ముస్లిము. అలనాటి ఛాయాచిత్రాలు నలుపు తెలుపులే. మరి ఇతని ఛాయ ఏది? మా వీధిలోని విశ్రాంత సుబేదారుగారిని అడిగాను.

“పుస్తకాలలో వెతుకుతారేమిటండీ? మోండా మార్కెట్‌కు వెళ్ళి చూడండి. ఇతని వంశంవారు అక్కడెక్కడో ఉండకపోరు” అన్నారాయన.

వెళ్ళాను. కూరగాయల బళ్ళ నడుమ ఎండకు కాగిన ముఖాలను గమనించాను. చెక్కిలి ఎముకపై రాగి మెరుపు, కళ్ళ కింద ఊదా నీడ, గడ్డం గీసిన చోట నీలి బూడిద. ఇవన్నీ చిన్న పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాను.

54 మిల్లీమీటర్ల మనిషికి ముఖం ఎంత ఉంటుంది? పెసరగింజలు రెండు మూడు పేర్చినంత. ఎర్రమట్టి, ముదురు గోధుమ రంగులను నీళ్ళవలె పలుచన చేసి, పొర ఆరిన పిదప పొర వేస్తూ పోయాను. అన్నిటికన్నా కన్ను కష్టం. తెల్లగుడ్డును అచ్చ తెలుపుతో వేస్తే బెదరిన చూపు వస్తుంది. దంతపు రంగు వేసి, నల్లగుడ్డును కొంచెం పక్కకు జరిపితే ఎవరినో చూస్తున్నట్లుంటుంది. తొమ్మిది అడుగుల వెదురు బల్లెం ఈ కొలతలో సుమారు 86 మిల్లీమీటర్లు. దానిని ఇత్తడి తీగతో చేసి, వెదురు కణుపులు గీశాను.

సుబేదారుగారు భూతద్దం పట్టుకొని చాలాసేపు చూశారు. “పేరేమిటి?” అని అడిగారు.

పీఠంపై ‘సవారు, 20వ దక్కన్ హార్స్, 1916’ అని రాశాను. దానిపైన ఒక వరుస ఖాళీగా ఉంచాను.