రోగశయ్యపై పుట్టిన మంచుపాట

డిసెంబరు నెల వచ్చిందంటే అమెరికాలో ఒక పాట చెవిన పడకుండా తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. అంగళ్ళలో, రైల్వే స్టేషన్లలో, హోటళ్ళలో, రేడియోలో అది వినిపిస్తూనే ఉంటుంది. దాని పేరు ‘వింటర్ వండర్‌లాండ్’. శీతకాలపు అద్భుతలోకం అని చెప్పుకోవచ్చు. క్రిస్మస్ పాటగా లోకమంతా ఎరిగిన ఈ గీతంలో క్రిస్మస్ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. బాలయేసు ప్రస్తావన లేదు, తూర్పు చుక్క లేదు, కానుకలు లేవు. ఉన్నవల్లా మంచు కప్పిన దారి, మంచుబండి గంటల సవ్వడి, ఆ దారి వెంట నడిచిపోయే ఒక ప్రేమికుల జంట మాత్రమే.

వారు మైదానంలో ఒక మంచుబొమ్మను చేస్తారు. దానిని పాదిరీగా ఊహించుకుంటారు. బొమ్మ పాదిరీ వారి పెళ్ళి మాట ఎత్తితే సరదాగా జవాబు చెబుతారు. ఆ పిమ్మట ఇల్లు చేరి, నెగడు ముందు కూర్చొని, రాబోయే దినాలను గురించి బెదురు లేకుండా కలలు కంటారు. పాటలోని కథ ఇంతే. వినేవారికి ఇది ఆరోగ్యంతో, యౌవనంతో తొణికిసలాడే మనిషి వ్రాసిన పాట అనిపిస్తుంది.

కాని దీనిని వ్రాసినవాడు క్షయరోగి. పాట వెలువడిన మరుసటి సంవత్సరమే అతడు కన్నుమూశాడు.

రిచర్డ్ స్మిత్ 1901 సెప్టెంబరు 29న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హోన్స్‌డేల్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. బొగ్గు రవాణా వలన పెరిగిన ఊరది. ‘స్టౌర్‌బ్రిడ్జ్ లయన్’ అనే ఆవిరియంత్రం 1829లో పట్టాలపై నడిచి అమెరికా రైలు చరిత్రకు నాంది పలికింది అక్కడే. ఊరి నడుమ సెంట్రల్ పార్కు ఉంది. స్మిత్ కుటుంబం నివసించిన ఇల్లు ఆ పార్కుకు ఎదురుగానే ఉండేది. చలికాలంలో ఆ చెట్లూ, బాటలూ తెల్లని మంచు కింద దాగిపోవడం ఆ ఊరి పిల్లలందరిలాగే స్మిత్ కూడా చూస్తూ పెరిగాడు.

పెద్దవాడై పాటలు వ్రాయడం మొదలుపెట్టిన కొంతకాలానికే, ముప్పయ్యేళ్ళు నిండిన ఆ ప్రాంతంలోనే, అతనికి క్షయ సోకింది. పొరుగున ఉన్న స్క్రాంటన్ నగరంలోని వెస్ట్ మౌంటెన్ శానటోరియంలో చేరవలసి వచ్చింది.

శానటోరియం అంటే ఏమిటో నేటి తరానికి అంతగా తెలియదు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కోక్ 1882లోనే కనిపెట్టినా, దానిని చంపే మందు మరో అరవై ఏళ్ళ వరకు లభించలేదు. వైద్యులు ఇవ్వగలిగినవి మూడే: విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, స్వచ్ఛమైన గాలి. తానే క్షయరోగి అయిన ఎడ్వర్డ్ ట్రూడో అనే వైద్యుడు 1880ల దశకంలో న్యూయార్కు రాష్ట్రపు కొండలలో, సరనాక్ లేక్ అనే ఊరి వద్ద ఇటువంటి ఆశ్రమం ఒకటి నెలకొల్పాడు. అమెరికాలోని శానటోరియములకు అదే ఒరవడి అయింది. చలిగాలి ఊపిరితిత్తులకు మంచిదని నాటి నమ్మకం. అందుచేత నిండు శీతకాలంలో సైతం రోగులను వసారాలలో మంచాలపై, ఉన్ని కంబళ్ళు కప్పి గంటల తరబడి పడుకోబెట్టేవారు. మంచు కళ్ళ ఎదుటే కురుస్తూ ఉండేది. లేచి అందులో నడవడానికి మాత్రం వైద్యుని అనుమతి కావాలి.

ఈ రోగానికి దేశాల ఎల్లలు లేవు. స్మిత్ పాట వెలువడిన 1934లోనే కమలా నెహ్రూ హిమాలయ సానువులలోని భోవాలీ శానటోరియంలో ఇదే వ్యాధితో చికిత్స పొందారు. ఆమె భర్త జవహర్‌లాల్ అప్పుడు జైలులో ఉన్నారు. 1936 ఫిబ్రవరిలో, 36 ఏళ్ళ వయసులో, ఆమె స్విట్జర్లాండ్‌లో మరణించారు. తెలుగునాట మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో వెలసిన శానటోరియం నమ్ముకున్నవి కూడా ఆ విశ్రాంతినీ, ఆ గాలినే. ధనికులకైనా, దేశనాయకుల ఇంటివారికైనా అంతకు మించిన మందు ఆనాడు లోకంలో లేదు.

అటువంటి స్థితిలో స్మిత్‌కు హోన్స్‌డేల్‌లోని మంచు కప్పిన పార్కు స్ఫూర్తినిచ్చిందనీ, అందులో నుంచి ఈ పాట పుట్టిందనీ చెబుతారు. అతడు తన దగ్గును గురించి వ్రాయలేదు. మంచాన్ని గురించి, కిటికీని గురించి, ఒంటరితనాన్ని గురించి వ్రాయలేదు. చలిలో వెచ్చగా నడిచిపోయే ఇద్దరిని సృష్టించి, తాను చేయలేని షికారును వారి చేత చేయించాడు.

ఆ మాటలకు బాణీ కట్టినవాడు ఫెలిక్స్ బెర్నార్డ్. బ్రూక్లిన్‌లో పుట్టిన ఈ పియానో విద్వాంసుడు వినోద ప్రదర్శనశాలలలో వాయించి పేరు తెచ్చుకున్నవాడు. 1919 నాటి ‘డార్డనెల్లా’ అనే ప్రఖ్యాత గీతం సృష్టిలోనూ అతనికి భాగముంది. మెట్టుమెట్టుగా నడకసాగే తేలికపాటి బాణీ అతడు ఇచ్చాడు. వింటే కాళ్ళు వాటంతట అవే తాళం వేస్తాయి.

అది బిగ్ బ్యాండ్‌ల యుగం. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు బారులు తీరిన పెద్ద వాద్యబృందాలు హోటళ్ళలోని నాట్యశాలలలో వాయించేవి. ఆ సంగీతం రేడియో ద్వారా మారుమూల పల్లెలకూ చేరేది. ఆర్థికమాంద్యం ప్రజల నడుము విరిచిన ఆ రోజులలో ఖర్చు లేని వినోదం రేడియో ఒక్కటే. న్యూయార్కులోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్ బృందానికి నాయకుడైన రిచర్డ్ హింబర్ ఈ పాటను 1934లో తొలిసారి రికార్డు చేశాడు. ఆ రోజు అనుకున్న పాటలు పూర్తయి ఇంకా కొంత వ్యవధి మిగిలితే, ఈ కొత్త పాటను కూడా ఒకసారి వాయించి చూశారని ప్రతీతి. ఆ చలికాలంలోనే గై లొంబార్డో బృందం చేసిన రికార్డు ఇంకా ఎక్కువగా ప్రజాదరణ పొందింది.

స్మిత్ తన పాట పదిమంది నోళ్ళలో పడడం విన్నాడు. కాని ఆ సంతోషం ఒక్క శీతకాలమే. 1935 సెప్టెంబరు 28న అతడు మరణించాడు. మరునాడు అతనికి 34 ఏళ్ళు నిండవలసి ఉంది.

పాట అసలు వైభవం ఆ తరువాతనే మొదలయింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసి, సైనికులు ఇళ్ళకు చేరిన పిమ్మట 1946లో పెరీ కోమో దీనిని పాడాడు. ఇతడూ పెన్సిల్వేనియావాడే, గాయకుడు కాకముందు క్షురకవృత్తి చేసినవాడు. అదే సంవత్సరం ఆండ్రూస్ సోదరీమణులు ముగ్గురు గై లొంబార్డో బృందంతో కలిసి పాడారు. రెండు రికార్డులూ విరివిగా అమ్ముడుపోయాయి. అటు తరువాత జానీ మాథిస్, ఎల్లా ఫిట్జెరాల్డ్ మొదలుకొని నేటి వరకు రెండువందల మందికి పైగా కళాకారులు దీనిని రికార్డు చేశారు. ఈ వైభవాన్ని బెర్నార్డ్ కూడా చూడలేదు. అతడు 1944లోనే గతించాడు.

1947లో పాటలో ఒక చిన్న మార్పు జరిగింది. పిల్లలు పాడుకోవడానికి అనువుగా ఉండాలని, పెళ్ళి మాట ఎత్తే పాదిరీ బొమ్మకు బదులు సర్కస్ బఫూన్ బొమ్మను పెట్టి కొన్ని చరణాలు కొత్తగా ప్రచురించారు. నేడు కొందరు గాయకులు పాదిరీని, కొందరు బఫూన్‌ను, మరికొందరు ఇద్దరినీ పాడుతుంటారు. పెళ్ళి ఆశతో మొదలైన పాట ఆ విధంగా పిల్లల ఆటపాట కూడా అయింది.

ఈ లోగా లోకం మరొక విధంగానూ మారింది. పెన్సిల్వేనియాకు పొరుగునే ఉన్న న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఆల్బర్ట్ షాట్జ్ అనే యువ పరిశోధకుడు 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. క్షయపై పనిచేసిన తొలి మందు అదే. అప్పటికి స్మిత్ చనిపోయి ఎనిమిదేళ్ళు. ఇతర మందులూ వరుసగా వచ్చాయి. శానటోరియములకు చివరి మాట చెప్పిన నగరం మాత్రం మద్రాసు. అక్కడ 1956లో ఆరంభమైన పరిశోధనా కేంద్రం, ఇరుకు ఇళ్ళలో ఉంటూ మందులు పుచ్చుకొన్న పేదరోగులు కూడా శానటోరియంలో చేరినవారితో సమానంగా కోలుకుంటున్నారని 1959లో నిరూపించింది. కొండగాలి కంటే క్రమం తప్పని మందే ప్రధానమని తేలిపోయింది. ఆ మందులు ఉన్నా, క్షయ నేటికీ ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తూనే ఉంది.

ఈ సంగతులేవీ తెలియకుండానే కోట్లాదిమంది ఈ పాటను పాడుకుంటున్నారు. మంచు ఎరుగని ఉష్ణదేశాలలోనూ అది వినిపిస్తుంది. వ్రాసినవాని రోగం పాటలో ఎక్కడా కనిపించదు. అతడు కనిపించనివ్వలేదు. కాని తెలిసి వింటే, నెగడు ముందు కూర్చున్న ఆ జంట వద్దకు వచ్చేసరికి మనసు ఒక్క క్షణం ఆగుతుంది. రేపటిని చూసి భయపడకూడదని వారు అనుకుంటారు. ఆరోగ్యవంతుడు వ్రాసి ఉంటే అది మామూలు మాటే. ఎన్ని రేపులు మిగిలి ఉన్నాయో తెలియని మనిషి, మంచంపై నుంచి మంచును చూస్తూ, ఆ ధైర్యాన్ని ఇతరులకు రాసి ఇచ్చిపోయాడు.