లక్ష్మీదేవిని అచ్చేసిన జర్మన్

ఆడి మాసం పద్దెనిమిదో రోజుకి శివకాశి ప్రెస్సుల్లో వచ్చే ఏడాది క్యాలెండర్ ఆల్బమ్‌లు బయటికొస్తాయి. ఆ హడావిడిలోనే తిరుత్తంగల్ వెళ్ళాను. 108 దివ్యదేశాల్లో ఒకటైన నిన్ఱ నారాయణ పెరుమాళ్ గుడి కొండమీద ఉంటుంది. కింద వీధుల్లో ఆఫ్‌సెట్ మిషన్ల చప్పుడు. 2021లో ఈ ఊరు శివకాశి కార్పొరేషన్‌లో కలిసిపోయింది.

నా వెతుకులాట ఒక జర్మన్ అచ్చు పనివాడి వంశం గురించి. పేరు ఫ్రిట్జ్ ష్లైషర్. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో పెట్టిన లిథో ప్రెస్‌కి పనితనం తెలిసిన మనిషిగా వచ్చాడు. 1899లో ప్రెస్ లోణావళా దగ్గర మళవలికి మారింది. కొన్నేళ్ళకే రవివర్మ దాన్ని ఆయనకే అమ్మేశాడు. జర్మన్ ఇక్కడే ఉండిపోయాడు. 1935లో చనిపోయేదాకా మన లక్ష్మి, సరస్వతుల్ని అచ్చేస్తూనే ఉన్నాడు. 1972లో అగ్నిప్రమాదం ఆ ప్రెస్‌ని కాల్చేసింది.

మరి మళవలి ఎక్కడ, తిరుత్తంగల్ ఎక్కడ? రక్తసంబంధం వెతికితే ఇక్కడ దొరకదు. పని ఎటు పోయిందో చూడాలి. 1922లో శివకాశి వాళ్ళు అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొచ్చారు. అగ్గిపెట్టెకి లేబుల్ కావాలి, లేబుల్‌కి లిథో ప్రెస్ కావాలి. ప్రెస్ వచ్చాక లేబుళ్ళతో దాని కడుపు నిండలేదు. క్యాలెండర్లు మొదలయ్యాయి. వాటికి దేవుళ్ళని గీసిపెట్టినవాడు కొండయ్య రాజు (1898–1976). మద్రాసు చిత్రకళాశాలలో చదివి, రమణాశ్రమంలో కొన్నాళ్ళుండి, నాటకాల తెరలు గీస్తూ తిరిగి, 1940లలో కోవిల్‌పట్టిలో స్థిరపడ్డాడు. రవివర్మ దేవతలు ఇంటింటా గోడెక్కి ఉండకపోతే ఆయన బొమ్మలకి అంత గిరాకీ ఉండేదా? నాకు అనుమానమే.

నేను వెళ్ళిన ప్రెస్‌లో పాత ఫోర్‌మన్ ఒకాయనది కోవిల్‌పట్టి పక్క పల్లె, ఇంట్లో తెలుగే. ఆయన చిన్నతనంలో లిథో రాళ్ళు చూశాడు. రంగుకో రాయి. జిడ్డు సిరాతో బొమ్మని తిరగేసి గీసి, రాయిని తడిపితే, గీత ఉన్నచోటే రంగు పట్టేది. మేలురకం రాయి జర్మనీలోని జోల్న్‌హోఫెన్ గనులది. ఇప్పుడు నాలుగు రంగుల ప్లేట్లు చాలు. మిషన్ మాత్రం మళ్ళీ జర్మనీదే, పాత హైడెల్‌బర్గ్.

"ఏమన్నా, మిషనే అన్నీ చూసుకుంటుంది కదా?" అన్నాను.

"అట్ల చెప్తే ఎట్లయ్యా! అమ్మవారి మొగంలో పసుపు పిసరెక్కువైతే కామెర్లొచ్చినట్టుంటది. అది కన్నే చూడాల."

రవివర్మ ప్రెస్ బొమ్మల కింద అంచున ప్రెస్ పేరు, కార్లా-లోణావళా అని ఊరి పేరు ఉండేవి. ష్లైషర్ పేరు చాలామందికి గుర్తు లేకపోవడం అందుకేనేమో. ఈ ప్రెస్‌లో అచ్చైన గజలక్ష్మి షీట్ ఫోర్‌మన్ చేతికిచ్చి, ఈ బొమ్మ గీసిందెవరని అడిగాను. ఆయన కింద ఖాళీ పట్టీ చూపించాడు. "ఇది రాజమండ్రి ఆర్డరు. ఇక్కడ బంగారు కొట్టు పేరు వస్తది."