పెట్టె తెరిస్తే పోయే విలువ

"సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి, ఈ బొమ్మకార్ల పిచ్చేమిటే నీకు?" అని హైదరాబాదు నుంచి ఓ స్నేహితురాలు ఫోన్లో అడిగింది. అదే ప్రశ్న మా అత్తగారు ఇంకోలా అడిగారు. "ఇంట్లో పిల్లలా లేరు, ఈ కార్లన్నీ ఎవరికమ్మా?" నా సహచరుడు మాత్రం ఏమీ అడగలేదు. భోజనాల బల్లలో సగం నేను ఆక్రమించుకున్న రోజు తన కంచం పట్టుకుని సోఫాలోకి వెళ్లిపోయాడు, అంతే. అది మద్దతో నిరసనో ఇప్పటికీ నాకు తెలీదు.

నేనుండేది అమెరికాలో, డెట్రాయిట్ శివార్లలో. 2017లో వచ్చాను. వీసా పేరు డిపెండెంట్. నా పరిశోధన తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. సిద్ధాంత గ్రంథంలో స్వతంత్రత అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఆ గ్రంథాన్ని సూట్‌కేసు అడుగున చీరల మధ్య పెట్టుకుని, పాస్‌పోర్టులో డిపెండెంట్ అన్న ముద్రతో దిగాను. గ్రీన్‌కార్డు వరసలో కొంత ముందుకు వెళ్లిన ఉద్యోగుల భార్యలకు పనిచేసే అనుమతి 2015 నుంచి ఇస్తున్నారు కానీ, మేం ఆ మెట్టు దాకా రావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ చదవడానికి బోలెడంత టైముండేది. చదవబుద్ధయ్యేది కాదు. ఎవరికోసం చదవాలో తెలియని చదువు ఎంత బరువుగా ఉంటుందో నాలాంటివాళ్లకి చెప్పక్కర్లేదు.

మొదటి కిట్ ఒక గరాజ్ సేల్‌లో ఐదు డాలర్లకి కొన్నాను. ఎందుకు కొన్నానో నిజంగా తెలీదు. పెట్టె మీద 1957 షెవ్రొలే బెల్ ఎయిర్ బొమ్మ, వెనక చేప రెక్కల్లాంటి ఫిన్నులు. కింద చిన్న అక్షరాల్లో 'ఎఎంటి, ట్రాయ్, మిషిగన్' అని ఉంది. ట్రాయ్ మా ఇంటికి ఇరవై నిమిషాలు. ఇక్కడి తెలుగువాళ్లకి ట్రాయ్ అంటే గుడి, కూరగాయల కొట్టు, ఎవరో ఒకరి సీమంతం. ఈ బొమ్మ అక్కడ పుట్టిందా అని ఆశ్చర్యపోయాను.

ఎఎంటి 1948లో మొదలైంది. మొదట్లో అల్యూమినియంతో, తర్వాత ప్లాస్టిక్‌తో, కార్ల డీలర్ల కోసం అచ్చు అసలు కారులాగే ఉండే చిన్న నమూనాలు చేసేవాళ్లు. ఆ ఏడాది వచ్చిన కారు, ఆ ఏడాది రంగుల్లో. 1958లో అదే నమూనాని ముక్కలుగా పెట్టెలో పెట్టి, మీరే బిగించుకోండి అన్నారు. కొలత అసలులో ఇరవై అయిదో వంతు. ఒకే పెట్టెలోంచి మూడు రకాలుగా చేసుకోవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు, సొంత సోకులు దిద్దినట్టు, పందెం కారులా. అప్పటి ప్రకటనలు చూడండి, పెట్టె ముందు కూచున్నది దాదాపు ఎప్పుడూ అబ్బాయే, పక్కన వంగి చూసేది తండ్రే.

ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ కొమ్మకి కాయల్లా అంటుకుని వస్తాయి. లాగి తుంపకూడదు, కత్తితో కోయాలి. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నటి గీత మిగులుతుంది. దాన్ని గీకి, లప్పం పెట్టి, నీళ్లలో తడిపిన ఉప్పుకాగితంతో రుద్దాలి. జిగురు అంటారు కానీ అది జిగురు కాదు. ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి, రెండు ముక్కల్నీ ఒకటి చేసే ద్రవం. ఆరాక ఇక విడదీయలేరు. మెరిసే క్రోమ్ ముక్కలకి అది పట్టదు. అతికే చోట ఆ మెరుపుని గీకేయాలి. మొదటిసారి ఈ సంగతి తెలీక నా బంపరు మూడుసార్లు ఊడి పడింది.

లప్పం, ఉప్పుకాగితం, థిన్నర్ వాసన. డబ్బా మూత తీసిన మొదటి రాత్రి ఆ వాసనకి నేను అలాగే కూచుండిపోయాను. అది మా ఆటోనగర్ వాసన.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకి షెడ్డు ఉండేది. లారీల డైనమోలు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసేవాడు. పక్క షెడ్డులో బాడీలకి రంగులేసేవాళ్లు. ఎనిమిది తొమ్మిదేళ్లప్పుడు సెలవు దొరికితే నేను అక్కడే. కార్బన్ బ్రష్షుల వెనక స్ప్రింగు జారిపోతే నాన్న లావు వేళ్లకి అందేది కాదు. "బుజ్జీ, ఇటు రామ్మా" అని పిలిచేవాడు. నా వేళ్లు లోపలికి దూరేవి. స్ప్రింగు తీసి అరచేతిలో పెడితే, దానికి మెచ్చుకోలుగా బడ్డీ కొట్టు నుంచి గోలీ సోడా వచ్చేది. పన్నెండో ఏట నేను పెద్దమనిషినయ్యాను. అంతే, షెడ్డు బందు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. "అక్కడంతా డ్రైవర్లు, క్లీనర్లు ఉంటారమ్మా" అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు. స్టూలు మీద అన్నయ్య కూచున్నాడు. పాపం, వాడికి ఆ పని అంటే వెగటు. ఇప్పుడు రియల్ ఎస్టేట్ చేస్తున్నాడు. 2019లో షెడ్డు మూసేశారు. నేను చదువులో పడ్డాను. అందరూ మెచ్చుకున్న ఆ చదువు ఒకరకంగా మూసిన తలుపు దగ్గర మొదలైందేమోనని ఈ మధ్యే అనిపిస్తోంది. దీన్ని మరీ లాగను. చదువు మీద నాకు ఫిర్యాదు లేదు.

రెండేళ్ల కిందట ఒక ఇంటి సామాను అమ్మకానికి వెళ్లాను. ఎనభై దాటిన ఒకామె ఇల్లు ఖాళీ చేసి వృద్ధుల వసతికి వెళ్తోంది. బేస్‌మెంటులో అరల నిండా కిట్లు, కొన్ని బిగించినవి, కొన్ని సగంలో ఆగినవి. "మీ భర్తవా?" అని అడిగాను. స్త్రీవాద సాహిత్యం మీద పత్రాలు చదివిన నేను అడిగిన ప్రశ్న అది! ఆమె నవ్వి, "నావి" అంది.

ఆమె చెప్పిన కథకి ముందు ఒక పోటీ గురించి చెప్పాలి. జనరల్ మోటార్స్ వాళ్ల ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 దాకా క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అని ఒకటి నడిపింది. మొదట్లో నెపోలియన్ కాలపు గుర్రపుబండి నమూనా చెయ్యమనేవాళ్లు. తర్వాత సొంతంగా ఊహించిన కారు. పన్నెండో వంతు కొలతలో, చెక్కతోనో ప్లాస్టర్‌తోనో. గెలిచినవాళ్లకి కాలేజీ చదువుకి స్కాలర్‌షిప్పులు. ఆ దారినే ఎంతోమంది కార్ల డిజైనర్లయ్యారు. 1947లో గెలిచిన చక్ జోర్డన్ చివరికి జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. ఆ ముప్ఫై ఎనిమిదేళ్లూ పోటీ అబ్బాయిలకి మాత్రమే.

ఆమె తమ్ముడు దాంట్లో పాల్గొన్నాడట. గీసింది తమ్ముడే. అది ఆమె ఒప్పుకుంది. కానీ రుద్దింది ఆమె. రంగు పూసి, ఆరబెట్టి, నీళ్ల కాగితంతో రుద్ది, మళ్లీ పూసి, ఒక వేసవి మొత్తం. "వాడికి ఓపిక ఉండేది కాదు, నా చేతులు వాడివి అనుకునేవాళ్లం" అంది. పంపినప్పుడు కాగితం మీద ఒకటే పేరు. వాడికి బహుమతేమీ రాలేదు కూడా. పెళ్లయ్యాక, పిల్లలు నిద్రపోయాక, ఈమె కిట్లు కొనడం మొదలుపెట్టింది. కొట్టువాడు ప్రతిసారీ "మీ అబ్బాయికి ఎన్నేళ్లు?" అని అడిగేవాడట.

ఆత్మకథల ముందుమాటల్లో 'నా భార్య సహకారం లేనిదే' అన్న వాక్యం కింద ఎంత శ్రమ పూడ్చి ఉంటుందో తవ్వడమే నా పరిశోధనలో సగం. ఇక్కడ ఆ వాక్యం కూడా లేదు.

ఆ కంపెనీలో ఆడవాళ్లు అసలే లేరా అంటే, ఉన్నారు. 1950లలో హార్లీ ఎర్ల్ కొందరు మహిళా డిజైనర్లని తీసుకున్నాడు. ప్రచార విభాగం వాళ్లకి పెట్టిన పేరు 'డామ్‌జెల్స్ ఆఫ్ డిజైన్'. మన భాషలో చెప్పాలంటే డిజైను కన్నెపిల్లలు. వాళ్లకి ఎక్కువగా అప్పగించింది కారు లోపలి అలంకరణ, రంగులు, బట్ట. ఇల్లాలికి ఇంటి లోపల, డిజైనరుకి కారు లోపల! అందులోనే వాళ్లు చేసింది తక్కువేం కాదు. రూత్ గ్లెనీ 1958లో ఒక కార్వెట్‌కి నాలుగు రుతువులకీ నాలుగు రకాల సీటు తొడుగులతో పాటు, వాటంతటవే లోపలికి చుట్టుకునే సీటు బెల్టులు కూడా పెట్టింది. ఆడవాళ్ల కోసం కారు అని 1955లో డాడ్జ్ వాళ్లు తెచ్చిన లా ఫెమ్‌తో గులాబీ రంగు చేతిసంచీ, గొడుగు, లిప్‌స్టిక్ పెట్టె ఇచ్చేవాళ్లు. రెండేళ్లు తిరక్కుండా ఆపేశారు. వాళ్ల ఊహలో మనకి కావలసింది గొడుగు.

ఎఎంటి సంగతి కొస్తే, 1978లో దాన్ని లండన్‌కి చెందిన లెస్నీ కొన్నది, మ్యాచ్‌బాక్స్ కార్లు చేసే కంపెనీ. హాక్నీ ఫ్యాక్టరీలో ఆ అగ్గిపెట్టె కార్లని బిగించినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆడుకోవడానికి అబ్బాయిలు, బిగించడానికి అమ్మలు. ఫ్యాక్టరీలో అయితే అది ఆడపని, ఇంట్లో బల్ల మీద అయితే మగపిల్లల హాబీ. పని అదే, వేళ్లు అవే.

ఒక సెమినార్ తర్వాత ఓ మిత్రురాలు సూటిగానే అడిగింది. "మగవాళ్ల బొమ్మలతో ఆడుకోవడం విముక్తా?" కాదు. విముక్తి అని నేనెప్పుడూ అనలేదు. నిజం చెప్పాలంటే, ఈ కార్ల వేగం, పెట్రోలు, మగటిమి ఏవీ నాకు పట్టవు. నన్ను పట్టింది వేరే. మా అమ్మ సంక్రాంతి నెలంతా వేసే ముగ్గు ఏ కొలతబద్దా లేకుండా ఎంత కచ్చితంగా ఉండేదని! దానికి కేటలాగు లేదు, ధర లేదు, స్కాలర్‌షిప్పు అసలే లేదు. తెల్లారితే సైకిళ్లు తొక్కుకుంటూ పోయేవి. చేతిపని ఒకటే, ఒకదాన్ని ప్రతిభ అన్నారు, ఇంకోదాన్ని అలవాటు అన్నారు.

సేకరణ మొదలుపెట్టాక ఇంకో విషయం నన్ను కుదిపింది. ఈ లోకంలో అత్యంత విలువైనది సీలు తీయని పెట్టె. సెల్లోఫేన్ చిరక్కుండా, లోపలి కొమ్మ నుంచి ఒక్క ముక్క కూడా తుంపకుండా ఉండాలి. పెట్టె తెరిస్తే ధర పడిపోతుంది. సగం బిగించినదైతే ఇంకా తక్కువ. 'చెయ్యి పడనిది' అని గర్వంగా రాసి అమ్ముతారు. ఈ మాట నేను మా బంధువుల పెళ్లి సంబంధాల్లో విన్నాను. విచిత్రం ఏమిటంటే, తెరవని పెట్టెలో కూడా ఏమీ క్షేమంగా ఉండదు. మెత్తటి టైర్లలోని రసాయనం ఏళ్ల తరబడి పక్కనున్న ప్లాస్టిక్‌ని తినేస్తుంది. అద్దాల మీద టైరు ఆకారంలో మచ్చ పడుతుంది. అంటించే బొమ్మకాగితాలు పచ్చబడతాయి. వాటిని ఎండ తగిలే కిటికీకి అంటిస్తే కొన్నాళ్లకి మళ్లీ తెల్లబడతాయి. మా వంటింటి కిటికీ ఎప్పుడూ వాటితోనే నిండి ఉంటుంది.

నేను పెట్టెలు తెరుస్తాను. నా సేకరణకి అందుకే మార్కెట్లో విలువ లేదు.

ఆమె బేస్‌మెంటులో ఒక బిస్కెట్ డబ్బా కూడా దొరికింది. లోపల ఆరోరా కంపెనీ స్లాట్ కార్లు ఆరు. వేలెడేసి ఉంటాయి. ట్రాకు మధ్య గాడిలో పరుగెడతాయి. గాడికి రెండు పక్కలా ఉన్న లోహపు పట్టాల నుంచి కరెంటు తీసుకుంటాయి. 1963లో వచ్చిన థండర్‌జెట్ మోడల్. మోటారు నిలువుగా కాక రొట్టెలా పడుకుని ఉంటుంది, పైన చిన్న పళ్లచక్రాలు. కింద రాగి రేకులు రెండు. ఒక్కటీ తిరగడం లేదు. ఆమె డబ్బు తీసుకోలేదు. "తిప్పగలిగితే ఫోను చెయ్యి" అంది.

వారం రోజులు కుస్తీ పట్టి, చివరికి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున్న ఏడు. కారు పై తొడుగు విప్పి కెమెరా ముందు పెట్టాను. నాన్న కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇది డైనమోనే కదే" అన్నాడు.

"మోటారు నాన్నా."

"రెండూ ఒకటే. తిప్పితే కరెంటు, కరెంటిస్తే తిరుగుడు. ఆర్మేచర్ పైకి తియ్యి. మెల్లిగా. బ్రష్షులు చూపించు."

ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. నల్లటి పొడి రాలింది. రాగి రేకులు పచ్చబడి ఉన్నాయి. "పెన్సిలు రబ్బరుతో రుద్దు, ఉప్పుకాగితం వద్దు, రాగి అరిగిపోద్ది" అన్నాడు. రుద్దాను. ఒక చుక్క నూనె, అది కూడా సూది మొనతో. తిరిగి పెట్టేటప్పుడు బ్రష్షు జారి చాప మీద పడింది. వెతికి తీశాను. నాన్న అవతల ఊపిరి బిగబట్టినట్టున్నాడు.

తొమ్మిది వోల్టుల బ్యాటరీని రేకులకి ఆనించాను. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి.

"ఆగు. ఇంకోసారి. ఫోను దగ్గరగా పెట్టు, శబ్దం వినాలి."

మళ్లీ ఆనించాను. నాన్న తల ఒక పక్కకి వంచి విన్నాడు. షెడ్డులో అలాగే వినేవాడు.

అప్పుడడిగాను. ఇరవై ఏళ్ల పైగా అడగనిది. "నన్ను షెడ్డుకి ఎందుకు రావద్దన్నావు నాన్నా?"

ఆయన కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. "నేననలేదమ్మా" అన్నాడు. కాసేపాగి, "వద్దన్నప్పుడు ఊరుకున్నాను" అన్నాడు. లోపల్నుంచి అమ్మ కాఫీ అని పిలుస్తోంది. ఆయన లేవలేదు.

"ఆ ఆర్మేచర్‌కి పోల్స్ ఎన్ని?" అని అడిగాడు.

"మూడు."

"మిగతా అయిదు కూడా తియ్యి, చూద్దాం."