తొట్టి బండి గురించి బావకి

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు
ఆదివారం

బావా,

డల్లాస్ వదిలి వచ్చేస్తున్నావన్న కబురు కంటే, వచ్చీ రాగానే పికప్ కొంటావన్న కబురే మీ చెల్లెల్ని ఎక్కువ కంగారు పెట్టింది. "ఒకటి మన గేటు ముందు అడ్డంగా పడి ఉన్నది చాలదా, వీధికి రెండా" అంటోంది. టకోమా నడిపిన చేతికి ఇక్కడి చిన్న కారు ఆనదని రాశావు. నా బండి కథ అడిగావు కాబట్టి, షోరూంలో చెప్పని సంగతులే రాస్తాను. ఒక మాట ముందే చెప్పేస్తా: ఈ బండ్లు బరువు మోసి చెడిపోయేది తక్కువ, ఊళ్లో ఖాళీగా తిరిగి చెడిపోయేది ఎక్కువ. బీడు పడ్డ చేనులాగా, పని లేకపోతేనే దానికి రోగాలు.

ముందు నీ చేతిలో ఉన్న ఎంపిక. అక్కడ నీకు డజను రకాలు కనబడతాయి. ఇక్కడ సొంతానికి తెల్ల ప్లేటు మీద కొనగల మధ్యరకం డబుల్ క్యాబ్ అంటే ప్రధానంగా రెండే. ఒకటి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, రెండోది టయోటా హైలక్స్. వీటికి ముందు మహీంద్రా స్కార్పియో గెటవే, టాటా జెనాన్ వచ్చాయి కానీ ఇళ్ల ముందు పెద్దగా కనిపించలేదు. మనవాళ్లకు తొట్టి ఉన్న బండి అంటే సిమెంటు బస్తాల బండే. ఆ చూపు కొంచెమైనా మారింది వీ-క్రాస్‌తోనే అంటాను. అది తయారయ్యేది ఎక్కడో కాదు, మన సత్యవేడు పక్కన శ్రీసిటీలో. 2016 ఏప్రిల్‌లో ఆ ఫ్యాక్టరీ తెరిచారు, ఆ ఏడాదే బండి అమ్మకానికి వచ్చింది. అప్పటి షోరూం ధర 12.49 లక్షలు. హైలక్స్ 2022లో వచ్చింది, అదీ 33.99 లక్షల ధరతో. ఇది ఫార్చ్యూనర్, ఇన్నోవా క్రిస్టాలకు దాయాది, చట్రం దగ్గర్నుంచి అదే వంశం. ప్రపంచమంతా 1968 నుంచి తిరుగుతున్న హైలక్స్‌ని అమెరికాలో నువ్వు ఎందుకు చూడలేదంటే, దాని జాగాలో అక్కడివాళ్ల కోసం 1995లో టకోమాని దించారు. బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద మీ దేశం 1964 నుంచి 25 శాతం సుంకం వేస్తోందన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది. కోళ్ల ఎగుమతి తగాదాలో పుట్టిన పన్ను అది. కోడి కోసం మొదలైన గొడవ ట్రక్కుల మీద ఇన్నేళ్లు నిలిచిపోవడం నాకు ఎప్పుడూ నవ్వొచ్చే విషయం.

ఇంజిన్ లెక్కలు నీకు అక్కర్లేదు కానీ, ఒక్క వాక్యంలో: ఇప్పటి వీ-క్రాస్‌ది 1.9 లీటర్ల డీజిల్, 360 న్యూటన్ మీటర్ల టార్క్. హైలక్స్‌ది 2.8 లీటర్లు, ఆటోమేటిక్‌లో 500. ఘాట్ ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. సిల్క్‌బోర్డ్ జంక్షన్‌లో ఏమీ తెలియదు. అక్కడ 500 ఉన్నవాడూ, స్కూటీ ఉన్నవాడూ ఒకే సిగ్నల్ దగ్గర నిలబడతారు, స్కూటీవాడే ముందు పోతాడు.

ఇక కొలతలు. రెండు బండ్లూ అయిదుంపావు మీటర్లు దాటి ఉంటాయి, అంటే పదిహేడున్నర అడుగులకు కొంచెం తక్కువ. హెచ్‌ఎస్‌ఆర్ అంటే హోసూరు–సర్జాపూర్ రోడ్డు కదా. ఆ రెండింటి మధ్య బీడీఏ గీసిన ఈ ఏడు సెక్టార్లలో చాలా సైట్లు ముప్ఫై బై నలభై. ఆ ముప్ఫై అడుగుల వెడల్పులో మెట్లు, సంపు, స్తంభాలు పోగా మిగిలిన చోట బండి పెడితే ముక్కో తోకో బయట ఉంటుంది. అపార్టుమెంట్లలో గీతలు కార్ల కోసం గీసినవి. ఒకదానిమీద ఒకటి ఎక్కించే మెషీన్ పార్కింగ్ ఉన్న ఫ్లాటయితే ఆశ వదులుకో. తిరగడానికి ఈ బండికి ఆరు మీటర్లకు పైన వ్యాసార్థం కావాలి, అంటే ముప్ఫై అడుగుల వీధిలో ఒక్క తిప్పుకి వెనక్కి మళ్లడం లెక్క ప్రకారమే కుదరదు. దానికి తోడు రెండు పక్కలా కార్లు. సాయంత్రం వేళ ఇరవై ఏడో మెయిన్ వైపు ఈ బండి తీసుకుపోవడం మానేశాను. హోటల్ ముందు కారు తీసే కుర్రాళ్లు తాళం అందుకునే ముందు వెనక తొట్టి వైపు ఒకసారి దిగులుగా చూస్తారు.

పన్ను సంగతి విను. కర్ణాటకలో 20 లక్షలు దాటిన సొంత బండికి జీవితకాల పన్ను 18 శాతం, దాని మీద సెస్సు. 30 లక్షల బండికి పన్నే 5.4 లక్షలు. "మదనపల్లె అడ్రసు మీద ఏపీ నంబరు వేయిస్తా" అని నీకు ఆలోచన వచ్చే ఉంటుంది. మన వీధుల్లో ఏపీ ప్లేట్లకు కొదవ లేదు. కానీ బండి ఒక రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలన్నది చట్టం, అప్పుడు ఇక్కడి పన్ను కట్టక తప్పదు. కాపురం ఇక్కడే కాబట్టి మొదటే ఇక్కడ కట్టేయ్. ఇంకొకటి, తెల్ల ప్లేటు బండిలో మన తోట కాయలు మనం తెచ్చుకోవచ్చు. పక్క తోటాయన కాయలు బాడుగకు వేసుకొచ్చామంటే అది పసుపు ప్లేటు పని. బండెంత మోయగలదన్నది అందరూ ఇంజిన్‌ని చూసి చెబుతారు. నువ్వు ఆర్‌సీలో రాసిన ఖాళీ బరువు, మొత్తం బరువు చూసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్. అందులోంచి లోపల కూర్చునే మనుషుల బరువు కూడా పోవాలి. మిగిలిన అంకె చూశాక చాలామంది కాసేపు మాట్లాడరు.

హంగుల దగ్గర నువ్వు జాగ్రత్తగా ఉండాలి. టెక్సాస్‌లో చేసుకున్నట్టు ఇక్కడ చేసుకుంటే రోడ్డు మీదే ఆపుతారు. ముందు కట్టే ఇనుప బుల్‌బార్‌ను 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. గుద్దుకున్నప్పుడు పాదచారికి ప్రాణాంతకం, పైగా బండి ముందుభాగం నలిగి దెబ్బను మింగాల్సిన ఏర్పాటునూ, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లనూ అది చెడగొడుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన అసలు రూపాన్ని మార్చిన బండిని రిజిస్టర్ చేయకూడదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఎత్తు పెంచే కిట్లు, బయటికి పొడుచుకొచ్చే చక్రాలు వద్దు. ప్రమాదం జరిగిన రోజు బీమావాడు మొదట వెతికేది ఇవే. అదే సైజులో ఆల్ టెరైన్ టైర్లు వేయించుకో, చాలు. తారురోడ్డు మీద కొంచెం హోరు పెడతాయి, మైలేజీ కొంత తగ్గుతుంది, కానీ తోటలో వాన పడ్డ మట్టిలో వాటి విలువ తెలుస్తుంది.

డబ్బు పెట్టాల్సింది తొట్టి మీద. మొదటి నెలలోనే లైనర్ వేయించు, లేకపోతే ఒక్క పార దెబ్బకి పెయింటు లేచి తుప్పు మొదలవుతుంది. రెండోది మూత. ఇది దొంగల కోసం అనుకుంటావు. హెచ్‌ఎస్‌ఆర్‌లో అసలు కారణం వేరే. తెరిచి ఉన్న తొట్టిని మన వీధి జనం కార్పొరేషన్ పెట్టిన చెత్తకుండీ అనుకుంటారు. పొద్దున చూస్తే కాఫీ కప్పులు, కొబ్బరి బోండాలు, ఒకసారి ఎవరిదో తెగిన చెప్పు కూడా. చుట్టుకుపోయే షట్టరు మూత ఖరీదెక్కువ, దాని నీటి గొట్టాలు ఆకులతో పూడుకుపోతే వాన నీళ్లన్నీ తొట్టిలోకే. నా ఓటు మడతపెట్టే మూతకే. సామాన్లకు జేసీ రోడ్డుకి వెళ్లు, కానీ ధర తెలుసుకుని వెళ్లు. కట్టడానికి బిగించే పట్టీలు రెండు జతలు కొను, దానితోపాటు మంచి మోకు ఒకటి. పట్టీ తెగితే రోడ్డు పక్కన ఏమీ చేయలేవు, మోకు తెగితే ముడేస్తావు. లారీ క్లీనర్లు వేసే ముడి మా తమ్ముడు నేర్పిస్తాడు, ఆ ముడి రానివాడికి తొట్టి బండి దండగ అని వాడి నమ్మకం. ఒక హెచ్చరిక: పీవీసీ పైపులు ఆరు మీటర్ల పొడవు వస్తాయి, తొట్టి పొడవు సుమారు ఒకటిన్నర మీటరే. వెనక్కి వేలాడదీస్తే 20,000 రూపాయల జరిమానా. పైపులకు ట్రాక్టరే గతి.

ఇప్పుడు పోషణ. మొదట్లో అన్నానే, ఖాళీగా తిరిగితే చెడుతుందని, అది ఇక్కడ బాగా కనబడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండాక ఆ మసిని దాదాపు 600 డిగ్రీల వేడికి తెచ్చి ఇంజినే కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే బండి కొంతసేపు ఆపకుండా పరుగెత్తాలి. అగర నుంచి బెళ్లందూరు దాకా గంటలో పాకే బండికి ఆ భాగ్యం ఎక్కడిది? సగం కాలేసరికి ఇంజిన్ ఆపేస్తాం. మళ్లీ మొదలు. అలా పదేపదే జరిగితే అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. అందుకే డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గితేనే కాదు, పెరిగినా అనుమానపడాలి. వారానికి ఒకసారైనా అరగంట సాఫీగా హైవే మీద తోలితే ఈ బాధ ఉండదు. బీఎస్ 4 డీజిల్ బండ్లలో దాదాపు లేని తలనొప్పి ఇది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో మంచి పాత వీ-క్రాస్ దొరికితే నేనే ముందు పరుగెడతాను.

వెనక కమాన్ కట్టలది కూడా ఇదే కథ. బరువుంటే అవి వంగి మెత్తగా పోతాయి. ఖాళీగా ఉంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ వెనక సీటు మనుషుల్ని ఎగరేస్తాయి. మీ అమ్మగారిని వెనక కూర్చోబెట్టాలనుకుంటున్నావేమో, వద్దు. ఖాళీ తొట్టి వానలో మరీ ప్రమాదం. వెనక చక్రాల మీద బరువుండదు, మలుపులో తోక జారుతుంది. వానాకాలం నేను ఇసుక బస్తాలు ఇరుసు మీదికి వచ్చేలా కట్టి ఉంచుతాను. అసలు సామాను వేసినా అంతే, బరువైనవి క్యాబిన్ గోడకు ఆనించాలి, తోకలో వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. గాలి కూడా ఖాళీకి ఒకటి, లోడుకి ఒకటి, డోరు దగ్గర స్టిక్కరు మీద రాసే ఉంటుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ మీటని ఎండిన తారు మీద వేయకు. ముందు ఇరుసు, వెనక ఇరుసు కలిసి బిగుసుకుని ఒకదాన్నొకటి లాగుతాయి, గేర్లకు చేటు. అలాగని ఎప్పుడూ వేయకుండా ఉంచినా లోపలి ఆయిల్ పారక పట్టేస్తుంది. నెలకొకసారి మట్టి రోడ్డు మీద కాసేపు నడిపించు. డీజిల్ ఫిల్టరు కింద చేరే నీళ్లు వంపించు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి గ్రీజు కొట్టించు. స్టెప్నీ తొట్టి కింద గొలుసుకు వేలాడుతుంది, ఆ గొలుసు చక్రాన్ని ఏడాదికి రెండు సార్లయినా తిప్పించు. తుప్పు పట్టిందంటే పంక్చరైన రాత్రి స్టెప్నీ ఉండీ లేనట్టే. వైర్లు కొరికే ఎలుకల గురించి వేరే రాయక్కర్లేదు, ఆరో సెక్టార్‌లో ఎవర్నడిగినా చెబుతారు.

వరదకు ఇదే సరైన బండి అని రాశావు చూడు, అది ఒప్పుకోను. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగు రోడ్డు మునిగి సాఫ్ట్‌వేరు వాళ్లు ట్రాక్టర్ల మీద ఆఫీసులకు పోయిన మాట నిజం. 2025 మే నెలలో సిల్క్‌బోర్డ్ దగ్గర నీళ్లు నిలిచి దారే మూసేశారు. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్లలో పోగలదని కంపెనీ మాట. కానీ ఆ అంకె నీటి లోతుకే. ఆ నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందో లేదో ఏ కంపెనీ రాసివ్వదు. తప్పనిసరై దిగితే, మర్నాడు డిఫరెన్షియల్ ఆయిల్ చూడు. పాలు కలిసినట్టు తెల్లబారి ఉంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్పించు.

నా బండి ఇన్నాళ్లు నిలబడిందంటే కారణం తమ్ముడి తోట. హోసకోటె, చింతామణి మీదుగా మదనపల్లె నూట పాతిక కిలోమీటర్ల చిల్లర. పోయేటప్పుడు విత్తనాలు, మోటారు, మందులు. వచ్చేటప్పుడు టమాటా ట్రేలు, చింతపండు, మామిడి మొక్కలు, మీ చెల్లెలి కుండీలకు పశువుల ఎరువు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు ఈ వీధిలో నా తొట్టికి వచ్చిన గౌరవం నాకే రాలేదు. ఆ దారిలో ఫిల్టరు కాలుతుంది, కమాన్లు వంగుతాయి, గేర్లన్నీ పడతాయి. డీజిల్ మాత్రం కర్ణాటక సరిహద్దు దాటకముందే పోయించుకో, మన వైపు ధర ఎక్కువ.

కాబట్టి నా తీర్పు ఇది. మీ నాన్నగారి పొలం కౌలు నుంచి తీసుకుని సొంతంగా చేయించేటట్టయితే వీ-క్రాస్ ఫోర్ వీల్ డ్రైవ్ కొను. చేతిలో డబ్బుంటే, వాల్మీకిపురం రోడ్లతో పాటు హార్స్‌లీ హిల్స్ కూడా తిరగాలంటే హైలక్స్. పొలం కౌలులోనే ఉంటే ఏదైనా కారు కొనుక్కో, సామాను రోజున నా బండి తీసుకుపో. ఏదీ బుక్ చేయకముందు నువ్వు చూసిన ఆ నాలుగో సెక్టార్ ఫ్లాటు పార్కింగ్ పొడవు, వెడల్పు, ర్యాంపు వంపు, పైకప్పు ఎత్తు టేపుతో కొలిపించి నాకు పంపు.

ఇట్లు,
మీ బావ