జుర్రా అన్న మాట

అనువాదకుడు చేసే తప్పులు రెండు విధాలు. తెలియని మాట దగ్గర ఆగి తడుముకోవడం ఒకటి; తెలిసిందనుకుని ఆగకుండా సాగిపోవడం రెండవది. మొదటిది చదువరికి కనబడుతుంది. రెండవది కనబడదు. నేను చేసినది రెండవది.

చాలా ఏళ్ళ క్రిందట ఒక హిందీ కథను తెలుగు చేశాను. అందులో ఒక ముసలి బాజ్‌దారు, అనగా వేటడేగలను సాకేవాడు, అప్పు తీర్చడానికి తన రెండు పక్షులలో బాజును అమ్మివేసి, జుర్రాను ఉంచుకుంటాడు. సందర్భాన్ని బట్టి జుర్రా అంటే పిల్ల డేగ కాబోలుననుకున్నాను. "పెద్ద డేగను అమ్మి పిల్ల డేగను ఉంచుకున్నాడు" అని వ్రాశాను. వాక్యం చక్కగా కుదిరింది. ముసలివానికి రేపటి మీద ఆశ చావలేదని చదివినవారు మెచ్చుకున్నారు కూడా.

భిలాయిలో మా సెక్టారులోనే, ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాల మిల్లులో పనిచేసి విరమించిన సర్దార్జీ ఒకరు ఉండేవారు. 1947లో పశ్చిమ పంజాబు విడిచి వచ్చిన కుటుంబం. ఒక సాయంకాలం వారి వరండాలో కూర్చుని, నేను చేసిన అనువాదాన్ని గూర్చి చెబుతూ కథ వినిపించాను. పిల్ల డేగ దగ్గరకు రాగానే ఆయన చేయి ఎత్తి ఆపారు.

"భాయీ సాహెబ్, జుర్రా పిల్ల కాదు, మగది. బాజు ఆడది. మా నాయన ఒక జాగీర్దారు పక్షులను సాకేవాడు."

వేటపక్షులలో ఆడదే పెద్దది, బలమైనది. అందుచేత వేటగాండ్ర భాషలో జాతి పేరు ఆడదానికి చెల్లుతుంది. మగదానికి వేరే పేరు. బాజుకు జుర్రా, బాషాకు బాషీన్, షిక్రాకు చిపక్, లగ్గడ్‌కు ఝగ్గడ్. వయస్సును తెలిపే మాటలు వేరు. తొలి ఈకలు రాల్చని పక్షి చూజ్. ఈకలు రాల్చే కాలం కురీజ్. కండ్లను బట్టి మరొక విభాగం: బహిరి, షాహీన్ వంటి నల్లకండ్లవి సియాహ్ చష్మ్, బాజు, షిక్రా వంటి పచ్చకండ్లవి గులాబ్ చష్మ్.

అప్పుడు నాకు కథ అర్థమయింది. ముసలివాడు ఉంచుకున్నది రేపటి ఆశను కాదు. ఎక్కువ ధర పలికేదానిని అమ్మి, తక్కువ ధర పలికేదానితో మిగిలాడు. నా వాక్యం అతనికి లేని ఊరటను కల్పించింది.

నేను ఉత్సాహంతో ఇంకా అడుగుతూ పోయాను. కొత్తగా పట్టిన పక్షి బెదరకుండా ఉండటానికి దాని క్రింది రెప్పలను దారంతో కుట్టేవారట. "సూదిలో దారం ఎక్కించే పని నాది. అప్పుడు నాకు పదేళ్ళు" అని ఆయన చేతులు చూచుకున్నారు. కొంతసేపటికి, "మాటలు వ్రాసుకోండి. ఆ పని మళ్ళీ రావాలని మాత్రం కోరుకోకండి" అన్నారు.

మనకు ఇట్టి మాటలు లేకపోలేదు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో డేగవేటను వినోదాలలో చేర్చాడు. కుమావూ రాజు రుద్రదేవుడు శ్యైనికశాస్త్రమనే గ్రంథమే వ్రాశాడు; హరప్రసాదశాస్త్రిగారు దానిని 1910లో కలకత్తాలో ప్రకటించారు. తెలుగులో జాలెడేగ ఉంది, సాళువము ఉంది. బహిరి మన నోట బైరిడేగ అయింది. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుని వంశనామంలో ఉన్నది వేటడేగయే. నేడు సాళువ అంటే వంశం జ్ఞాపకం వస్తుంది గాని పక్షి రాదు. పారసీకంలో వేట అయిన షికారు మన వీధులలో సాయంకాలపు నడక అయింది.

మాట పనితో పుట్టి పనితో పోతుంది. మా నాన్నగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి, 1959లో తొలి కొలిమి వెలిగిన ఈ కర్మాగారంలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఇంట్లో తెలుగే మాట్లాడినా, ఆ కొలిమిని బ్లాస్ట్ ఫర్నేసు అనే పిలిచారు. పనిచోట వినబడని మాట ఆయన నోటికి రాలేదు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం డేగలను పట్టడం నిషేధించింది. 2010లో యునెస్కో డేగవేటను పదకొండు దేశాల వారసత్వంగా గుర్తించినప్పుడు ఆ పట్టికలో మన దేశం లేదు. దానికి నేను విచారించను. కుట్టిన రెప్పలు జ్ఞాపకం వస్తాయి. కాని పని పోయినంత మాత్రాన దానిని గూర్చిన కథను తప్పుగా చెప్పే హక్కు నాకు రాదు.

సర్దార్జీ ఇప్పుడు లేరు. నా పుస్తకానికి రెండవ ముద్రణ రాలేదు. నా దగ్గర ఉన్న ప్రతులన్నిటిలో పిల్ల డేగను కలంతో కొట్టివేసి, "జుర్రాను, అనగా మగ డేగను" అని వ్రాశాను. వాక్యం మునుపటంత నునుపుగా లేదు. మా వేపచెట్టు మీద అప్పుడప్పుడు జాలెడేగ వాలుతుంది. మగదాని కన్ను ఎరుపు, ఆడదాని కన్ను పసుపు. అది ఇటు తిరిగిన దాకా దాని పేరు పలకకుండా ఆగుతున్నాను.