అమ్మకు కానుకగా... ఓ సరస్సు!

తల్లి అరవయ్యో పుట్టినరోజుకి కొడుకు ఏమిస్తాడు? పట్టుచీరో, బంగారు గొలుసో... మరీ ఉన్నవాడైతే ఓ ఇల్లో! చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ మాత్రం ఏకంగా ఓ సరస్సునీ, దాని ఒడ్డున ఓ పెద్ద తోటనీ ఇచ్చాడు. బీజింగ్ నగరానికి వాయవ్యాన ఉన్న ఆ తోటే యీహెయువాన్. మిగతా ప్రపంచానికి సమ్మర్ ప్యాలెస్‌గా తెలుసు.

బీజింగ్ వెళ్లినవాళ్లు దీన్ని చూడకుండా రావడం అరుదు. అయితే చైనా గోడకీ షాపింగుకీ మధ్య దొరికిన ఏ గంటో గంటన్నరో దీనికి కేటాయిస్తే మిగిలేవి నాలుగు ఫొటోలే. ఎందుకంటే ఇది నిలబడి చూసే కోట కాదు, నడుస్తూ చూసే తోట. ఏ వేళకి వెళ్లారు, ఏ గేటులోంచి అడుగుపెట్టారు అన్నదాన్నిబట్టి అది కనిపించే తీరే మారిపోతుంది. కాబట్టి టిక్కెట్టు కొనేముందే కాస్త ఆలోచించుకోవాలి.

తవ్విన మట్టే కొండ

1750లో తోట పని మొదలైంది. అక్కడున్న చెరువుని వెడల్పు చేయించి, తీసిన మట్టిని పక్కనే ఉన్న కొండమీద పోయించాడు చియెన్‌లుంగ్. చెరువు కున్‌మింగ్ సరస్సయింది. కొండ ‘వాన్‌షౌషాన్’ అయింది. అంటే దీర్ఘాయువు కొండ... అమ్మ నిండు నూరేళ్లూ ఉండాలన్న కోరికతో పెట్టిన పేరు! దక్షిణాన హాంగ్‌చౌలో ఉన్న పశ్చిమ సరస్సంటే చక్రవర్తికి ఎంతో ఇష్టం. అక్కడిలాంటి గట్టునీ, దానిమీద ఆరు వంతెనల్నీ ఇక్కడా కట్టించాడు. మొత్తం తోట దాదాపు 290 హెక్టార్లు. అందులో నాలుగింట మూడు వంతులు నీళ్లే.

ఒడ్డున నిలబడి పడమటికి చూస్తే దూరంగా మరో కొండ, దానిమీద ఓ గోపురం కనిపిస్తాయి. నిజానికి అవి ఈ తోటలోవి కావు, ప్రహరీ అవతలివి. బయటి దృశ్యాన్ని ఇలా తోటలో భాగంలా కనిపించేట్టు చేయడాన్ని చైనా తోటమాలులు ‘అరువు తెచ్చుకున్న దృశ్యం’ అంటారు.

కాలి... మళ్లీ లేచి

ఇంత అందం వెనక కన్నీళ్లూ ఉన్నాయి. 1860లో రెండో నల్లమందు యుద్ధం చివర బ్రిటిష్, ఫ్రెంచి సేనలు బీజింగ్ మీదికొచ్చాయి. అప్పుడే ఈ తోట తగలబడింది. ఆ బ్రిటిష్ సేనలో మన దేశం నుంచి తీసుకెళ్లిన పటాలాలూ ఉన్నాయి. గొడవకు మూలమైన నల్లమందు ఎక్కువగా పండిందీ మన గడ్డమీదే. అందుకే ఇక్కడ నిలబడిన భారతీయుడికి ఇది పూర్తిగా పరాయి కథ కాదు.

తర్వాత దీన్ని మళ్లీ కట్టించింది రాజమాత త్సిషీ. 1888లో యీహెయువాన్ అన్న పేరు పెట్టిందీ ఆమే. నౌకాదళం సొమ్ము తెచ్చి తోటకి పోసిందన్న నింద ఆమెని వదల్లేదు. 1894-95లో జపాన్‌తో జరిగిన యుద్ధంలో చైనా ఓడిపోవడంతో ఆ నింద మరింత బలపడింది. ఒడ్డున కదలకుండా నిలబడిన ‘పాలరాతి పడవ’ని చూస్తే అదే గుర్తొస్తుంది. అన్నట్టు, అందులో రాయి అడుగుభాగం మాత్రమే. పైదంతా చెక్క, పాలరాయిలా కనిపించేలా రంగులేశారు!

1900లో విదేశీ సేనల చేతిలో తోట మళ్లీ దెబ్బతింది. మళ్లీ బాగుచేశారు. 1924లో జనానికి తలుపులు తెరిచారు. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

ఏ గేటు నుంచి?

కథ మొదట్నుంచీ తెలియాలంటే తూర్పు గేటే మేలు. మెట్రోలో షీయువాన్ స్టేషన్‌లో దిగాలి. ముందు దర్బారు మందిరం వస్తుంది. దాని వెనక, నీటి అంచునే గ్వాంగ్‌షు చక్రవర్తి బందీగా గడిపిన భవనం. 1898లో సంస్కరణలు తేబోయినందుకు త్సిషీ ఆయన్ని నిర్బంధించింది. దారులు మూసేస్తూ కట్టిన ఇటుక గోడలు ఇప్పటికీ ఉన్నాయి. గోడకి ఇవతల అంత పెద్ద సరస్సు... అవతల అడుగు బయటపెట్టలేని చక్రవర్తి!

అక్కణ్నుంచి కొంచెం ముందుకెళితే పొడవాటి వసారా మొదలవుతుంది. 728 మీటర్లు! తలెత్తితే దూలాలమీద వేల బొమ్మలు... పురాణాలు, పాత నవలల్లోని ఘట్టాలు. వసారా చివర్లో పాలరాతి పడవ. ఆ దగ్గర్లోనే మామూలు పడవెక్కితే సరస్సు దాటి, పదిహేడు కమానుల వంతెన దగ్గరికి చేరుకోవచ్చు. 150 మీటర్ల ఆ వంతెన స్తంభాలమీద 500కు పైగా రాతి సింహాలున్నాయి. అది దాటగానే కంచు ఎద్దు. దగ్గర్లోనే బయటికెళ్లే గేటూ ఉంది. వెనక్కి నడిచే పనుండదు.

మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు ఉత్తరం గేటు నుంచి వెళ్లొచ్చు. మెట్రో స్టేషన్ బెయ్‌గుంగ్‌మెన్. కాలవ ఒడ్డున దుకాణాల వీధి చూసి, కొండెక్కి, 41 మీటర్ల బౌద్ధ మందిరం దగ్గర నిలబడితే సరస్సంతా కాళ్లకింద పరుచుకుంటుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం ఈ మెట్ల దారి వద్దు.

ఎప్పుడు వెళ్లాలి?

ఏప్రిల్-మే, సెప్టెంబరు-అక్టోబరు నెలలు హాయిగా ఉంటాయి. కానీ మే ఒకటి సెలవులు, అక్టోబరు మొదటి వారం తప్పించుకోవాల్సిందే... ఇసకేస్తే రాలని జనం! జులై, ఆగస్టుల్లో వేడి, వానలు. చలికాలంలో సరస్సు గడ్డకడుతుంది. పడవలు ఆగిపోతాయి. కానీ డిసెంబరు మూడో వారం అటూఇటూ, ఆకాశం తేటగా ఉన్న సాయంత్రం, పొద్దువాలే ఎండ వంతెన కమానులన్నింటిలోకీ దూరి బంగారంలా మెరుస్తుంది. దానికోసమే కెమెరాలతో జనం గంటల తరబడి చలిలో నిలబడతారు.

మనవాళ్లకి వీసా తప్పనిసరి. 2020లో ఆగిపోయిన భారత్-చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. టిక్కెట్టుకి పాస్‌పోర్టు కావాలి కాబట్టి హోటల్లో వదిలేసి వెళ్లకూడదు. చూడాల్సిన చోట్ల పేర్లు చైనా లిపిలో ఫోన్‌లో దాచుకుంటే దారి అడగడం తేలిక. కనీసం సగం రోజు చేతిలో ఉంచుకోవాలి.

అమ్మనో అత్తయ్యనో తీసుకెళ్తుంటే ఇంకొక్క మాట... వసారా పొడవునా కూర్చునేందుకు అరుగులున్నాయి. వానొచ్చినా మంచు కురిసినా తల్లి తడవకుండా సరస్సుని చూడాలనే చియెన్‌లుంగ్ ఆ వసారా కట్టించాడని చెబుతారు. కాసేపు అక్కడ కూర్చోబెడితే చాలు. ఆ తోట కట్టిందే అందుకు!